గాలిమోటరును కూల్చిన అవ్వ

ఏ గుడ్డ చేతికిచ్చినా ఆమె ముందు ఎండకు పట్టి చూసేది. చీరైనా, తువ్వాలైనా, పెళ్లిలో పెట్టిన జాకెట్ ముక్కైనా సరే. రెండు చేతులతో పైకెత్తి, ఒక కన్ను మూసి, వెలుతురు ఎక్కడ దూరుతోందో వెతికేది. దూరిన చోట వేలు పెట్టి, "గీడ పోతది" అని తీర్పు చెప్పేది. ఇచ్చినవాళ్ల ముఖం ఏమైపోతుందో ఆమెకు పట్టేది కాదు. ఒకసారి నా కొత్త చొక్కాను, అది నా ఒంటి మీద ఉండగానే, నన్ను ఎండలోకి నెట్టి మరీ పరీక్ష చేసింది.

మొన్న జగిత్యాల పాత బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే టీవీలో ఒక వార్త వచ్చింది. ఎక్కడో ఏదో రాష్ట్రంలో ఎవరో నాయకుడి హెలికాప్టర్ పొలంలో పడింది. వార్త చదివే అమ్మాయి ఇంకా ఊరి పేరు పలకడానికి తంటాలు పడుతూనే ఉంది, ఇక్కడ నా పక్కనున్నాయన తేల్చేశాడు: "గిది యాక్సిడెంట్ కాదు. రాసిపెట్టుకో." ఆ పక్కాయన, "లోపటి మనుషుల పనే" అన్నాడు. చాయ్ పోసేవాడికి కూడా ఒక అభిప్రాయం ఉంది. నాకు తెలియకుండానే నా నోటి నుంచి ఆమె మాట వచ్చేసింది: "నువ్వు జూసినవా?"

ఇద్దరూ నా వైపు ఎగాదిగా చూసి గ్లాసులు పట్టుకుని అవతలికి జరిగారు. ఆ మాటకు ఆ శక్తి ఉంది. ఆమె పోయి ఏడాది కావస్తోంది. పోయిన వానకాలంలో, వరి నాట్లు సగంలో ఉండగా పోయింది. నేను దినాలకు కూడా వెళ్లలేదు. ఆ రోజు ఏదో మీటింగ్ కవర్ చేస్తున్నాను. ఏ మీటింగో ఇప్పుడు గుర్తు కూడా లేదు, సిగ్గుచేటు.

మల్లాపూర్ మండలంలో ఒక పల్లె ఆమెది. మొగుడు తాళ్లెక్కి కల్లు గీసేవాడు, ఆమె మండువలో కూర్చుని ముప్పై ఏళ్లు కల్లు అమ్మింది. ఆయన పోయాక ఉన్న ఎకరన్నరలో వరి వేసుకుంది. ఆమె చదువంతా ఆ కల్లు మండువలోనే. "మొదటి సీస తాగినప్పుడు విన్న అంటడు. రెండోదానికి ఎవలో చెప్పిన్రు అంటడు. మూడోదానికి నా కండ్లతోని జూసిన అంటడు. అందరు మూడో సీసకాడ మంచి సాక్షులు" అనేది. కాబట్టి ఎవరేం చెప్పినా ఆమె అడిగేది ఒకటే ప్రశ్న. ఫలానా కోడలు ఇట్లాంటిది అంటే, నువ్వు జూసినవా? పక్క ఊళ్లో చేతబడి చేశారట అంటే, నువ్వు జూసినవా? ఊళ్లో ఆమె వస్తుంటే ముచ్చట్లు ఆగిపోయేవి. ముచ్చట్లంటే ఇష్టమున్న వాళ్లకు ఆమె పెద్ద శత్రువు.

నేను పేపరు విలేకరిని. విలేకరితనం తిండి పెట్టదు కనుక జగిత్యాలలో జిరాక్స్ షాపు కూడా ఉంది. ముచ్చట్లు లేకపోతే నాకు పూట గడవదు. ఇక మా ఇద్దరికీ ఎట్లా కుదిరిందో చెప్పాలంటే ఆ హెలికాప్టర్ సంగతి చెప్పాలి.

అది యాసంగి వడ్లు కోతకొచ్చిన ఎండాకాలం, ఎన్నికల కాలం. ఒక పెద్ద నాయకుడు కోరుట్ల వైపు సభకు గాలిలో వచ్చాడు. ఆమె ఊరి దగ్గర వడ్ల కొనుగోలు కేంద్రం పక్కనున్న బీడులో హెలిప్యాడ్ వేశారు. సభ అయింది, ఆయన చేతులూపి ఎక్కాడు. హెలికాప్టర్ తాటిచెట్టంత ఎత్తు లేచింది. లేచి, తోక దగ్గర ఏదో పట్టి లాగినట్టు గిరగిరా తిరిగి, కోసిన మడిలో ఒక పక్కకు పడింది. దేవుడి దయ, ఎవరి ప్రాణమూ పోలేదు. నాయకుడికి కాలు విరిగింది, పైలట్‌కు పక్కటెముకలు చిట్లాయి.

అరగంటలో జిల్లా మొత్తం నిపుణులతో నిండిపోయింది. డ్రోన్ అన్నారు. గుట్ట మీద నుంచి తుపాకీ అన్నారు. నూనెలో చక్కెర కలిపారన్నారు. హెలిప్యాడ్ దగ్గర నాలుగు నిమ్మకాయలు దొరికాయని ఒకడు ఫోటో తీసి పెట్టాడు. అవి సభకొచ్చినవాళ్లు సోడా తాగి పడేసినవి. ఆయన పార్టీ వాళ్లకు కుట్ర కావాలి, జాలితో ఓట్లు పడతాయి. ఎదుటి పార్టీ వాళ్లకు నాటకం కావాలి. ఉత్త ప్రమాదం ఎవరికీ అక్కర్లేదు, నాకైతే అసలే అక్కర్లేదు. "ప్రమాదమా? పన్నాగమా?" అని నా వార్త జిల్లా పేజీలో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వచ్చింది. ఆ శీర్షిక నేనే పెట్టాను. పెట్టి చాలా మురిసిపోయాను కూడా.

తోక రెక్కకు చుట్టుకుని ఒక గుడ్డ ముక్క దొరికింది. ఆకుపచ్చది, మామిడి పిందెల అంచు. సిరిసిల్ల మగ్గాల మీద నేసిన గుడ్డ అని తేలింది. ఇంకేం కావాలి. సభకు బ్యానర్లు, జెండాలు కట్టడానికి వచ్చినవాళ్లలో ఒక సిరిసిల్ల నేతన్న ఉన్నాడు. సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. చేతినిండా పని లేక ఈ పనికి వచ్చాడు. మగ్గాలకు పని ఇప్పించలేదని ఆ నాయకుడిని నెలల తరబడి ఫోన్ స్టేటస్‌లో తిడుతూ ఉన్నాడట. హెలిప్యాడ్ దగ్గర తాడు గుంజుతుంటే చూశామని ఇద్దరు చెప్పారు. విచారణ అని పోలీసులు అతన్ని జగిత్యాలలో ఉంచుకున్నారు. మర్నాడు అతని ఫోటో, ఆ గుడ్డ ఫోటో పక్కపక్కన వేశాను. అతని పెళ్లాం నా నంబరు ఎక్కడ సంపాదించిందో ఫోన్ చేసింది. "మా ఆయన ఫొటో ఎందుకేసిన్రన్నా, ఏం జేసిండని" అంటుంటే, మీటింగ్‌లో ఉన్నానని పెట్టేశాను.

ఆ ఫోటో పడ్డ మూడో రోజు పొద్దున షాపు తెరిచి మిషన్ దుమ్ము దులుపుతున్నాను. యూరియా సంచి చంకలో పెట్టుకుని ఒక ముసలామె మెట్టెక్కింది. ముఖం చూడలేదు, పలకరించలేదు. కౌంటర్ మీద నా పేపరు పరిచింది.

"గీ ఫొటో నువ్వే కొట్టినవా?"

"అవునవ్వా, నేనే."

"పేపర్ల సగమే అచ్చింది. మిగిలిన సగం తెచ్చిన."

సంచిలోంచి మట్టికొట్టుకున్న పరదా తీసి కౌంటర్ మీద పడేసింది. ఎరువుల సంచులు విప్పి, ఒకదానికొకటి కుట్టి, వడ్ల కుప్ప మీద కప్పడానికి చేసిన పరదా. ఒక మూలకు ఆకుపచ్చ చీర అతుకు, మామిడి పిందెల అంచు. అతుకు మధ్యకు చిరిగిపోయి ఉంది.

వడ్లు కేంద్రానికి తెచ్చి కుప్పలు పోస్తే ఎవరిదేదో తెలియదు. అందరివీ అవే వడ్లు, అవే సంచుల పరదాలు. అందుకని ఆడవాళ్లు పరదా మూలకు తమ పాత చీర అంచు ఒకటి అతికి కుట్టుకుంటారు. ఎర్ర అంచు కుప్ప ఫలానామెది, బుటాల కుప్ప ఫలానామెది అని దూరం నుంచే చెప్పేస్తారు. ఈమె అతికింది పండుగకు సర్కారు పంచిన చీర. సిరిసిల్లలో నేసిన మాట నిజమే. ఆ మాటకొస్తే అలాంటి చీర లేని ఇల్లు జిల్లాలో లేదు. ఈ సంగతి మా ఇంట్లో బట్టలు మడతపెట్టే నా భార్యను అడిగినా చెప్పేది. నేను అడగలేదు.

"గాలిమోటరు గాలికి వడ్లు లేస్తయి, కప్పుకోండ్రి అని ఆఫీసరు చెప్పిండు. కప్పిన. మూడు దిక్కుల అంచు మీద వడ్లు పోసి తొక్కిన. తూర్పుకు ఇడిసిపెట్టిన. ఆ దిక్కుకెల్లే లేసి గాలిమోటరు తోకకు సుట్టుకున్నది."

"ఎందుకు విడిచిపెట్టినవ్?"

నన్ను అన్నం తినని మనిషిని చూసినట్టు చూసింది. "పచ్చి వడ్లు కొడుకా. నాలుగు దిక్కుల మూస్తె ఉడుకెక్కి నల్లగైతయి. ఎండకాలం గాలిదుమారం పడమట నుంచి అస్తది. గందుకే తూర్పుకు ఎప్పటికీ ఇడిసిపెడ్తం. మా అత్త ఇడిసిపెట్టింది, నేను ఇడిసిపెట్టిన. ఈ గాలి మీద నుంచి దిగి కిందికెల్లి దూరుతదని నాకెట్ల ఎర్క?"

నిజం చెప్తున్నాను, ఆ క్షణాన నాకు జాలి కలగలేదు. నా వార్త కూలిపోతోందన్న దిగులే కలిగింది. చాయ్ తెప్పించాను. మెల్లగా నచ్చజెప్పాను. "అవ్వా, ఇది బయటపెడితే కేసు నీ మీదికే వస్తది. పెద్దమనిషి కాలు విరిగింది. నీకెందుకు, ఇంటికి పో" అన్నాను.

ఇదే మాట ఊళ్లో పెద్దలూ చెప్పారట. కోరుట్లలో బీడీలు చేసుకుంటున్న ఆమె బిడ్డ అయితే కాళ్లు పట్టుకుందట. "ఎవలో సిరిసిల్లాయన కోసం జైలుకు పోతవా అమ్మా" అని ఏడ్చిందట. "ఆయన ఎవలో. పరద నాదే గదా" అని చెప్పి బస్సెక్కి వచ్చింది.

చాయ్ ముట్టుకోలేదు. నా ముఖంలోకి చూసి అడిగింది. "ఆయన తాడు గుంజంగ నువ్వు జూసినవా?"

"లేదు. చెప్పిన్రు."

"ఆయనే కూలగొట్టంగ?"

"లేదు."

"మరి మూడు సీసలు తాగి రాసినవా?"

ఇరవై ఏళ్లుగా వార్తలు రాస్తున్నాను. ఎమ్మెల్యేలు బెదిరించారు, కాంట్రాక్టర్లు తిట్టారు. ఎవరి మాటా నన్ను ఇంతగా కోయలేదు. షాపు షట్టర్ దింపి ఆమె వెంట నడిచాను.

విచారణ జరిగే గది బయట ఇద్దరు పోలీసులు ఆపారు. ఆమె యూరియా సంచి నేల మీద పెట్టి, దాని మీద కూర్చుంది. "గాలిమోటరును కూలగొట్టింది నేనే. లోపట చెప్పండ్రి" అంది. నిమిషంలో తలుపు తెరుచుకుంది. "ఈయన నాకు సాక్షి" అని నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

టేబుల్ వెనక అధికారి ఒకాయన, పక్కన ఢిల్లీ నుంచి వచ్చిన ఇంజనీరు. ఆయనకు తెలుగు రాదు. గుడ్డ ముక్క కవర్లో సీలు వేసి ఉంది. ఆమె కథంతా విని అధికారి నవ్వాడు.

"ఎవరు పంపిన్రమ్మా నిన్ను? ఎవరు నడిపిస్తున్నరు?"

"నన్ను నడిపిచ్చేది నా మోకాళ్లు సారూ. అవి గూడ సక్కగ నడిపిస్తలేవు."

"పచ్చ చీరలు బోలెడు ఉంటయి. ఇది నీదేనని ఎట్లా చెప్తవ్?"

"ముట్టనియ్యవు గదా. నేను ముట్ట. నువ్వే చూసి చెప్పు. దబ్బనంతోని కుట్టిన. నాలుగు వేళ్లకొక ముడి. అంచుకాడికెల్లి లెక్కవెట్టు, మూడో ముడికాడ తెల్లదారం అయిపోయింది. నీలందారం కలిపిన. ఉన్నదా, లేదా?"

అధికారి నవ్వు మానలేదు కానీ కవరు చేతిలోకి తీసుకున్నాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఒక వేలితో జరుపుతూ వెళ్లాడు. ఒకటి. రెండు. మూడో దగ్గర ఆగాడు. నవ్వు పోయింది. ఆమె తెచ్చిన సగాన్ని అడిగి తీసుకుని పక్కన పరిచాడు. చిరిగిన అంచులు ఒకదానికొకటి సరిపోయాయి, విరిచిన రొట్టె ముక్కలు సరిపోయినట్టు. అక్కడా అదే నీలందారం.

అంతటితో ఆగితే ఆమె ఎందుకవుతుంది. "బట్ట నాదైతె సాలదు. ఎట్ల లేసిందో గూడ సూడుండ్రి. లేకుంటె రేపు ఇంకోన్ని పట్టుకస్తరు" అంది. నా మెడలో కండువా గుంజుకుంది. టేబుల్ మీద ఫైళ్లు కుప్పగా పేర్చి కండువా కప్పింది. మూడు దిక్కులా అంచు మీద పుస్తకాలు పెట్టింది. ఒక దిక్కు వదిలేసింది. తలెత్తి ఫ్యాను చూపించి, "గదే గాలిమోటరు అనుకోండ్రి. జోరు పెట్టు కొడుకా" అని నాకు పని చెప్పింది.

స్విచ్ ఐదుకు తిప్పాను. ఫ్యాను కిర్రుమని వేగం అందుకుంది. కండువా ముందు అణిగింది. తర్వాత విడిచిన దిక్కు అంచు టపటపా కొట్టుకుంది, కిందికి గాలి దూరింది, పొట్ట ఉబ్బింది. పుస్తకం ఒకటి జారింది. కండువా లేచి, గిర్రున తిరిగి, అధికారి భుజం మీద వాలింది. తెలుగు రాని ఇంజనీరుకే ముందు అర్థమైంది. కుర్చీలోంచి లేచి నిలబడి, ఆమెకు రెండు చేతులూ జోడించాడు. ఆమె నా వైపు తిరిగి, "ఏమంటున్నడు?" అంది. "మొక్కుతున్నడవ్వా" అన్నాను. "మొక్కుడెందుకు, రాసుకోమను" అంది.

రాసుకున్నారు. మొత్తం ఆమె చెప్పింది చెప్పినట్టు, తూర్పు దిక్కు ఎందుకు వదిలిందో దానితో సహా. కేసు ఏమీ పెట్టలేదు. హెలిప్యాడ్ పక్కన కుప్పలు ఉండనివ్వడమే తప్పని ఇంజనీరు పై అధికారులకు రాశాడు. ఆమె చేత వేలిముద్ర వేయించుకోబోతే, "సంతకం అస్తది" అని గట్టిగా చెప్పి, నాలుగు అక్షరాలు నాలుగు నిమిషాలు పెట్టి దిద్దింది.

మర్నాడు పది గంటలకు ఆ నేతన్నను వదిలారు. బక్కపలచటి మనిషి, ఐదు రోజుల గడ్డం. గేటు బయట ఆమె ఎదురుగా నిలబడింది.

"కొడుకా, పరద నాది. మోసింది నువ్వు."

"నువ్వెవలో నాకెర్క లేదవ్వా. నా కోసం ఎందుకచ్చినవ్?" అన్నాడు.

"నీ కోసం రాలే. నా తప్పు పోయి నీ మీద కూసున్నది. దాన్ని తీసుకపోను అచ్చిన. నడువు, మీ ఇల్లు సూపెట్టు. తీసుకపోయిన కాడ అప్పజెప్పాలె గదా."

నన్నూ రమ్మంది. రానంటే వినే మనిషి కాదు. ముగ్గురం సిరిసిల్ల బస్సెక్కాం. అతను కిటికీ పక్కన కూర్చుని దారంతా కళ్లు తుడుచుకున్నాడు. ఆమె దారంతా నిద్రపోయింది.

అతనుండే వాడలో మగ్గాల చప్పుడుకు మనిషి మాట వినపడదు. అతని భార్య గడపలో కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచింది కానీ ముందుకు రాలేదు. ఐదు రోజులుగా ఆ వాడలో ఎవరూ ఆమెతో మాట్లాడలేదట, నీళ్ల దగ్గర కూడా. అవ్వ అతని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టింది. "నీ మనిషి మచ్చ లేని మనిషి బిడ్డా. తప్పు నాది. తిట్టాలనుంటె నన్ను తిట్టు" అంది. ఆ పిల్ల తిట్టలేదు. అవ్వ భుజం మీద తల పెట్టి ఏడ్చింది, ఎన్ని రోజుల నుంచి ఆపుకుందో.

తర్వాత అవ్వ మగ్గాల షెడ్డుకు నడిచింది. యజమాని గల్లా దగ్గర ఉన్నాడు. "ఈయన సాంచెలు ఎవలు నడుపుతున్నరు?" అని అడిగింది.

"వేరేటాయన్ని పెట్టిన. నేనేం జెయ్యాలె అవ్వా. పేపర్ల అచ్చినంక ఎట్ల పెట్టుకోను?"

ఆమె పక్కకు జరిగింది. వెనక ఉన్న నన్ను రెక్క పట్టి ముందుకు నెట్టింది. "రాసినోడు ఈడనే ఉన్నడు. అడుగు."

చుట్టూ జనం చేరారు. ఒక్కో షెడ్డులో మగ్గాలు ఆపి మనుషులు బయటికి వస్తున్నారు. ఆ మగ్గాలు ఆగాక నా గొంతు నాకే వినపడింది. "నేను చూడలేదు. విని రాసిన. ఈయన ఏ తప్పు చెయ్యలేదు. తప్పు నాది" అన్నాను. అంత చిన్న మాట. అవ్వ నా వైపు చూడలేదు. యజమానినే చూస్తోంది. ఆయన కాసేపు గోడను చూశాడు, కాసేపు నేలను చూశాడు. చివరికి, "నడువు అన్నా, నీ సాంచెల కాడ దారం తెగిపోతున్నది, కొత్తాయనకు చేతనైతలేదు" అన్నాడు.

నాలుగు మగ్గాలు ఒకదాని తర్వాత ఒకటి అందుకున్నాయి. అతను గడ్డంతోనే, మాసిన బట్టలతోనే వాటి మధ్య నిలబడ్డాడు. అవ్వ మగ్గం మీది గుడ్డ అంచు పట్టుకుని ఎండ వైపు ఎత్తి చూసింది. వేలు పెట్టడానికి చోటు దొరకలేదు. "మంచిగున్నది" అంది. ఆమె నోట ఆ మాట విన్నది నేను ఆ ఒక్కసారే.

ఇప్పటికీ నమ్మనివాళ్లున్నారు. ఆ ముసలామెకు ఎవరో నేర్పి పంపారని కోరుట్లలో ఒకాయన నాతోనే వాదించాడు. ఆ వార్త మాత్రం నేను ఆమె మాటల్లోనే రాశాను. పేరు వేయొద్దంది, వేయలేదు. ఇక్కడా వేయను. కానీ ఆ సాయంత్రం సిరిసిల్ల బస్టాండులో జరిగింది చెప్పకపోతే ఆమె బొమ్మ పూర్తి కాదు.

మేము నడుస్తుంటే వెనకాల వాడ వాడంతా వచ్చింది. నేతన్న, అతని భార్య, ఐదు రోజులుగా ముఖం తిప్పుకున్న ఆడవాళ్లు, చివరికి ఆ యజమాని కూడా. ఒకరు ఆమెకు చీర పెట్టారు, ఒకరు బిస్కట్ పుడా ఇచ్చారు. అంతమంది జనం బస్సు చుట్టూ మూగేసరికి కండక్టరమ్మ కంగారుపడి దిగింది.

"ఎవలమ్మా నువ్వు? లీడర్‌వా?"

అవ్వ బొడ్లో సంచి విప్పి, ఆడవాళ్లకు బస్సు ఉచితం కనుక వెంట ఉంచుకున్న ఆధార్ కార్డు తీసింది. "ఎవలనో ఇండ్ల రాసున్నది బిడ్డా. జగిత్యాలకు జీరో టికెట్ కొట్టు."

కండక్టరమ్మ కార్డు అందుకుని, ఇంటిపేరుతో సహా ఆ పేరు పైకి చదివింది. వెనక జనంలో ఎవరో ఆ పేరు అందుకుని జై అన్నారు. ఇంకో పది గొంతులు కలిశాయి, తర్వాత వాడంతా కలిసింది. ఎన్నికల కాలమంతా అరువు పేర్లకు జై కొట్టిన గొంతులవి. బస్సు కదిలి బస్టాండు దాటే దాకా ఆపలేదు. అవ్వ కిటికీ పక్కన కూర్చుని, "ఏం పిచ్చి లేసింది వీళ్లకు" అని గొణుగుతూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది.